ఉంచాలా, పంపాలా: ఆమెనెవరు అడిగారు?

బాస్కెట్‌బాల్ జట్టు తన సీనియర్ క్రీడాకారిణిని అట్టిపెట్టుకోవాలా, లేక మరో జట్టుకిచ్చి బదులుగా ఇంకొకరిని తెచ్చుకోవాలా? క్రీడల పేజీల్లో ఇది వట్టి లెక్కల వ్యవహారం. వయసెంత, జీతమెంత, ఇంకా ఎన్నేళ్ళు ఆడగలదు, ఆ జీతానికి ఎంతమంది వస్తారు అన్నవే ప్రశ్నలు. ఇలాంటి చర్చకి మన పత్రికలో చోటెందుకని కొందరనుకోవచ్చు. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2023లో జరిగిన ఒక మార్పిడి గురించి చదివాక, ఇది పనిచేసే ఆడవాళ్ళందరూ ఎరిగిన కథేనని నాకనిపించింది.

డియరికా హ్యాంబీ 2015లో శాన్ ఆంటోనియో జట్టులో చేరింది. 2018లో ఆ జట్టు లాస్‌వేగాస్‌కి తరలి ‘ఏసెస్’గా మారినప్పుడు ఆమె కూడా వెళ్ళింది. ఆట మధ్యలో బెంచి మీది నుంచి దిగి ఆడేవాళ్ళలో ఉత్తమురాలిగా 2019లో, 2020లో వరసగా అవార్డు అందుకుంది. 2022లో జట్టు చాంపియన్ అయింది. ఆ వేసవిలోనే ఆమె కాంట్రాక్టును యాజమాన్యం రెండేళ్ళు పొడిగించింది. సెప్టెంబరులో విజయోత్సవం రోజున, తాను మళ్ళీ తల్లిని కాబోతున్నానని ఆమె అందరి ముందూ చెప్పింది. నాలుగు నెలలకి, 2023 జనవరిలో, ఆమెను లాస్ ఏంజెల్స్ స్పార్క్స్ జట్టుకి పంపేశారు. అంతేకాదు, మొదటి రౌండులో కొత్త క్రీడాకారిణిని ఎంచుకునే తమ అవకాశాన్ని కూడా కొసరుగా ఇచ్చి మరీ పంపారు.

గర్భవతినయ్యాకే తనపట్ల తీరు మారిందని హ్యాంబీ బహిరంగంగా చెప్పింది. గర్భం రాకుండా జాగ్రత్త పడలేదన్నారని, ఆట పట్ల తన నిబద్ధతనే శంకించారని ఆరోపించింది. కోచ్ బెకీ హామన్ దీన్ని కాదన్నారు. ఆ డబ్బుతో ఎక్కువమందిని తెచ్చుకోవచ్చన్నదే కారణం తప్ప గర్భం కాదన్నారు. లీగ్ విచారణ జరిపి, పనిచేసే చోట మర్యాదకు సంబంధించిన నియమాలను ఉల్లంఘించారని 2023 మేలో కోచ్‌ని రెండు ఆటలు జీతం లేకుండా నిలిపివేసింది. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు నిబంధనలు ఒప్పుకోని ప్రయోజనాలు ఆశచూపినందుకు జట్టుకి 2025 మొదటి రౌండు ఎంపికను రద్దుచేసింది. మార్పిడి మాత్రం అలాగే ఉండిపోయింది. 2024 ఆగస్టులో ఆమె జట్టు మీదా లీగ్ మీదా దావా వేసింది.

కోర్టు సంగతి అలా ఉంచుదాం. యాజమాన్యం వైపు వాదనని మనం తేలిగ్గా తీసిపారెయ్యనక్కర్లేదు. జట్టు మొత్తం జీతాలకి పరిమితి ఉంది. మార్పిడి ఉంటుందని తెలిసే క్రీడాకారిణులు సంతకాలు పెడతారు. ఆమె లేకుండానే ఏసెస్ 2023లో మళ్ళీ చాంపియన్ అయింది కూడా. ఆట తగ్గిన మనిషికి జట్టులో శాశ్వతంగా చోటుండాలని నేననను. కానీ గర్భం ఆట తగ్గడం కాదు. గెలిచిన కప్పు న్యాయానికి కొలబద్ద కానే కాదు.

2023 మార్చిలో బిడ్డని కన్న హ్యాంబీ, మూడు నెలలు తిరక్కముందే కొత్త జట్టులో దిగి ఆ సీజన్‌లో 40 ఆటలకి 40 ఆడింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్‌లో కాంస్యం తెచ్చిన అమెరికా జట్టులో ఉంది. ఇవి చూపించి ‘చూశారా, ఆమె ఎంత సమర్థురాలో’ అనాలని నాకూ అనిపిస్తుంది. అయితే అక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ప్రసవమైన రెండు మూడు నెలలకి పరిగెత్తగలిగితేనే హక్కులుంటాయా? అలా లేచి తిరగలేని తల్లుల మాటేమిటి? ఒకవేళ ఆమె ఏడాదంతా ఆడలేకపోయినా ఆ చోటు మీద ఆమె హక్కు చెక్కుచెదరకూడదు.

ఈ లీగ్‌లో ప్రసూతి హక్కులు లేవా అంటే ఉన్నాయి. క్రీడాకారిణుల సంఘం పట్టుబట్టి సాధించిన 2020 ఒప్పందంలో ప్రసూతి సెలవుకి పూర్తి జీతం, పిల్లలున్నవాళ్ళకి రెండు పడకగదుల ఇల్లు, పిల్లల సంరక్షణకి ఏటా 5,000 డాలర్లు రాసుకున్నారు. అంత ఒప్పందమూ ఈ మార్పిడిని ఆపలేకపోయింది. జీతానికి భద్రత దొరికింది గానీ చోటుకి దొరకలేదు.

ఈ కిటుకు మనకి కొత్తదా? సంఘానికి వచ్చే ఉద్యోగినుల దగ్గర నేను మళ్ళీమళ్ళీ వినేది ఇదే. ఉద్యోగం తీసెయ్యరు. దూరపు ఊరికి వేస్తారు, లేదా తిరిగొచ్చేసరికి పని మార్చేస్తారు. అడిగితే ‘ఉద్యోగం పోలేదు కదమ్మా’ అంటారు. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీకి నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదని మన 1961 చట్టమే చెప్పింది. ఆ రక్షణ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. కానీ ‘పరిపాలనా కారణాల’ పేరుతో వచ్చే బదిలీ కాగితం మీద గర్భం అన్న మాట ఎక్కడా ఉండదు. కారణం రుజువు చేసే బరువు ఆమె మీదే పడుతుంది.

దీనికి దారి లేకపోలేదు. అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో 2024 ఆగస్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం, క్రీడాకారిణి ఒప్పుకోకుండా ఆమెను మరో జట్టుకి మార్చడానికి వీల్లేదు. దాంతో ఆ లీగ్ మూతపడలేదు. అంటే ఉంచాలా, పంపాలా అన్న ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళలో ఆమెకూ చోటు దొరికింది.

మనం కోరాల్సింది కూడా అదే. గర్భం సంగతి తెలిపిన రోజునుంచి ప్రసవమైన ఏడాది వరకు, ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మార్పిడీ బదిలీ ఉండకూడదు. తప్పనిసరి అంటే ఆ కారణాన్ని రుజువు చేసే బాధ్యత యాజమాన్యానిదే కావాలి. ఇకమీదట యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు సెలవు ఎన్ని వారాలన్న దగ్గరే ఆగిపోవద్దు. సెలవు ముగిశాక ఆమె తిరిగొచ్చే కుర్చీ ఎక్కడుంటుందో కూడా కాగితం మీద రాయించుకుందాం.