టిప్పు మన ఇష్టం... జీతం వాళ్ల హక్కు

పోయిన నెల హన్మకొండలో ఓ పాప పుట్టినరోజుకి ఐదుగురం కలిసి హోటల్‌కి వెళ్లాం. ఆదివారం పూట వంటింట్లో నిలబడే ఓపిక ఎవరికీ లేదు. పిల్లలు కూడా ‘బయటికే పోదాం’ అన్నారు. ఏసీ హాలు, మెత్తని కుర్చీలు, వేడివేడి బిర్యానీ. అంతా బాగానే ఉంది. చివర్లో సోంపు గిన్నెతో పాటు బిల్లు వచ్చింది.

తిన్నదానికి 1,600 రూపాయలు. దాని కింద ‘సర్వీస్ ఛార్జి 10 శాతం’ అని మరో 160. ఆ రెండూ కలిపిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ, 88. వెరసి 1,848 రూపాయలు. పాప తల్లి కిరాణా కొట్టు చీటీని కూడా రెండుసార్లు కూడి చూసుకునే మనిషి. “ఈ నూట అరవై ఎందుకండీ?” అని అడిగింది. “అది రూల్ మేడమ్. సర్వర్లకే పోతది” అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి. పాప తండ్రికి మొహమాటం. “పోనీలే, నలుగురిలో ఏం బాగుంటుంది!” అని గొణిగాడు. ఆమె వదల్లేదు. పది నిమిషాలకు 1,680 రూపాయలకు కొత్త బిల్లు వచ్చింది.

మెట్లు దిగుతుంటే మాకు వడ్డించిన అబ్బాయి కనిపించాడు. ఆమె పర్సులోంచి వంద కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. “నీకొచ్చేది ఆపేశానని అనుకోకు తమ్ముడూ” అంది. “గా పైసలు మాకు లెక్కగట్టి ఇయ్యరక్కా. ఎప్పుడన్న పండుగకు గింత అని చేతుల పెడ్తరు” అన్నాడతను. హోటల్ వెనక సందులో, నీళ్ల తొట్టి ముందు పీట మీద కూర్చుని ఒకామె ప్లేట్లు కడుగుతోంది. “మరి ఆమెకో?” అని అడిగాం. “ఆమెకెవరిస్తరక్కా! ఆమె ఎవరికి కనపడ్తది?”

ఆ మాట ఇంటికొచ్చేదాకా మమ్మల్ని వదల్లేదు.

హోటల్‌కి వెళ్లినవాళ్లు టిప్పు తప్పనిసరిగా ఇవ్వాలా? చూడ్డానికి చిన్న ప్రశ్న. ఇవ్వకపోతే పిసినారి అంటారు, ఇస్తే దండగ అంటారు. మగవాళ్లు గొప్పకి ఇస్తారనీ, ఆడవాళ్లు చిల్లర లెక్కపెడతారనీ ఓ వేళాకోళం కూడా ఉంది. ఇంటి ఖర్చు లెక్క చూసే మనిషికి ప్రతి రూపాయి ఎక్కడికి పోతోందో అడిగే అలవాటు ఉంటుంది. అది చిన్నతనం ఎలా అవుతుంది?

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 2017 ఏప్రిల్‌లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, సర్వీస్ ఛార్జి ఇవ్వడం ఇవ్వకపోవడం గిరాకీ ఇష్టమని మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలై 4న మరింత గట్టిగా చెప్పింది. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదే కలిపేయకూడదు. మరో పేరు పెట్టి వసూలు చేయకూడదు. ఇవ్వనంటే లోపలికి రానివ్వకపోవడం, వడ్డించకపోవడం కుదరదు. దాన్ని బిల్లులో కలిపి, ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. మా బిల్లులో జరిగింది సరిగ్గా ఇదే.

హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. అదే నెలలో ఆ మార్గదర్శకాల మీద స్టే వచ్చింది. దాదాపు మూడేళ్ల తర్వాత, 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ తీర్పు చెప్పారు. సర్వీస్ ఛార్జిని తప్పనిసరిగా వసూలు చేయడం వినియోగదారుల హక్కులకు విరుద్ధమన్నారు. కేసు వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించారు. అదే సమయంలో, గిరాకీ తన ఇష్టంతో టిప్పు ఇస్తే దానికి అడ్డేమీ లేదని కూడా స్పష్టం చేశారు. ఆ తీర్పు మీద సంఘాలు అప్పీలుకు వెళ్లాయి.

బిల్లులో సర్వీస్ ఛార్జి కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగవచ్చు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా కలెక్టర్‌కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ నంబరు ఓ చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

ఇంతవరకూ మన హక్కు. కానీ నూట అరవై రూపాయలు మిగుల్చుకుని ఇంటికొచ్చేస్తే, వెనక సందులో ప్లేట్లు కడిగే ఆమె సంగతి తేలినట్టేనా?

హోటల్ యజమానులు చెప్పే ఓ మాట ఇక్కడ వినాలి. “టిప్పు గిరాకీ ఇష్టానికి వదిలేస్తే బల్ల దగ్గర నిలబడే సర్వర్‌కే దక్కుతుంది. పొయ్యి దగ్గర మాడే వంటమనిషికి, ఉల్లిగడ్డలు కోసే ఆమెకు, అంట్లు తోమే ఆమెకు పైసా పోదు. సర్వీస్ ఛార్జి తీసుకుంటే అందరికీ పంచుతాం” అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. మనం తిన్న రొట్టె పిండి పిసికింది ఎవరు? తుడిచిన నేల ఎవరు తుడిచారు? హాల్లో తిరిగేది ఎక్కువగా మగపిల్లలు. వెనక వంగి పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. టిప్పు కంటికి కనిపించే చేతికి పోతుంది. కనిపించని చేతికి పోదు. ఇంట్లో జరిగే అన్యాయమే హోటల్‌లోనూ జరుగుతోంది. భోజనం బాగుంటే వడ్డించినవాళ్లను మెచ్చుకుంటాం. అంట్లు తోమినవాళ్లను ఎవరు మెచ్చుకున్నారు?

అయితే పంచుతామన్న మాట వేరు, పంచిన లెక్క వేరు. ఎంత వసూలైంది, ఎవరికి ఎంత ఇచ్చారు అన్నది గోడ మీద రాసిపెట్టిన హోటల్ ఒక్కటైనా మనం చూశామా? అందరికీ న్యాయంగా ఇవ్వాలని నిజంగా ఉంటే తేలిక దారి ఒకటుంది. వంటకం ధరలోనే ఆ ఖర్చు కలపండి. ప్లేటు ఇడ్లీ మీద రెండు రూపాయలు, బిర్యానీ మీద ఇరవై పెంచి, ఆ ధరే పట్టికలో రాయండి. చూసుకుని కూర్చునేవాళ్లు కూర్చుంటారు, లేచిపోయేవాళ్లు లేచిపోతారు. ఫ్రాన్స్‌లో 1987 నుంచి ఇదే నిబంధన. పట్టికలో రాసిన ధరలోనే సేవ ఖర్చు కలిసి ఉండాలి. ధర పెంచుకోవద్దని మన దగ్గర కూడా ఎవరూ అనడం లేదు. పట్టికలో ఒక ధర చూపించి, తిన్నాక ఇంకో ధర అడగొద్దన్నదే గొడవ.

టిప్పును తప్పనిసరి చేస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికా సంగతి చెప్పుకోవాలి. మన వరంగల్‌లో ఇప్పుడు వీధికో ఇంట్లో అయినా అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఉన్నారు. పురిటికి సాయం వెళ్లొచ్చిన అమ్మలను అడగండి. “బిల్లు మీద వందకు పద్దెనిమిదీ ఇరవై డాలర్లు టిప్పు పెట్టాలట వదినా! పెట్టకపోతే మొహం మాడ్చుకుంటారట” అని గుండె మీద చేయి వేసుకుని చెబుతారు. అక్కడ అది చట్టం కాదు, ఆచారం. ఆ ఆచారం వెనక మాత్రం ఓ చట్టం ఉంది. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలన్నది అక్కడి కేంద్ర చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగతా పనివాళ్లకు గంటకు 7.25 డాలర్లు. టిప్పుతో ఆ లోటు పూడకపోతే యజమాని పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు మాత్రం అందరికీ పూర్తి కనీస వేతనమే ఇవ్వాలంటున్నాయి.

అంటే పనివాళ్ల జీతంలో పెద్ద భాగం గిరాకీ నెత్తిన పడిందన్నమాట. అక్కడ టిప్పుల మీద బతికే పనివాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు ఆడవాళ్లే. తిండి గింజలు గిరాకీ దయ మీద ఆధారపడినప్పుడు, బల్ల దగ్గర ఎవడో వెకిలి మాట అన్నా నవ్వాల్సిందే. చేయి పట్టుకున్నా విదిలించుకోవడానికి ఆలోచించాల్సిందే. మొహం ముడిచిందా, ఆ పూట టిప్పు పోయింది. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటే లేదు. అక్కడ వడ్డించే మర్యాదకేమీ తక్కువ లేదని వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. టిప్పు లేకపోతే మర్యాద ఉండదన్నది ఉత్త మాట.

మన చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. హోటల్ పని కనీస వేతనాల కిందకు వస్తుంది. 1948 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌ను 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. ఒకే పనికి ఆడా మగా తేడా చూపి జీతం తగ్గించకూడదన్న నియమం కూడా అందులో ఉంది. ఇక టిప్పు సంగతి. 2016లో ఐటీసీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఓ ప్రశ్న వచ్చింది. గిరాకీ కార్డు ద్వారా ఇచ్చిన టిప్పును హోటల్ తీసుకుని పనివాళ్లకు పంచితే అది జీతమా అని. కాదన్నది కోర్టు. అది గిరాకీ సొమ్ము, యజమాని దాన్ని పనివాళ్ల కోసం ధర్మకర్తలా పట్టుకుని ఉంటాడంతే అని తేల్చింది. ఆదాయ పన్ను కోసం వచ్చిన వివాదమే అయినా అందులోని నీతి అందరికీ పనికొస్తుంది. టిప్పు జీతం కానప్పుడు, ‘నీకు టిప్పులొస్తాయిగా’ అని జీతం కోయడం ఏ లెక్కన సబబు?

చట్టం ఉన్నంత మాత్రాన అది వెనక సందుకు చేరదు. ప్లేట్లు కడిగే ఆమె పేరు హాజరు పుస్తకంలో ఉందా? పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? రాత్రి పదకొండు దాటాక ఇంటికెలా వెళుతుంది? పనిచేసేచోట ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా? కార్మిక శాఖ తనిఖీకి వచ్చేవాళ్లు హాల్లోనే కూర్చోకుండా వంటగది దాటి వెనక్కి వెళ్లి అడగాల్సిన ప్రశ్నలివి. మహిళా సంఘాలు కూడా అడగొచ్చు.

మరి మనం? టిప్పు తప్పనిసరి కాకూడదన్నదే మా అభిప్రాయం. తప్పనిసరి అయ్యాక అది టిప్పు కాదు, పన్ను. కానీ తప్పనిసరి కాదన్నమాట, చేయి ముడుచుకోవడానికి సాకు కాకూడదు. బాగా చూసుకుంటే, మనకు కలిగినంతలో ఇవ్వాలి. ఇచ్చేది నేరుగా చేతికి ఇవ్వాలి. ఫోన్‌తో బిల్లు కట్టే అలవాటు వచ్చాక చిల్లర తిరిగి రావడం లేదు, సోంపు గిన్నెలో పది నోటు వదిలే అలవాటూ పోతోంది. అందుకని బయటికి వెళ్లేటప్పుడు పర్సులో నాలుగు చిన్న నోట్లు వేసుకుంటే సరి. వీలైతే “అంట్లు తోమే అమ్మకు కూడా ఇవ్వు బాబూ” అని ఓ మాట చెప్పాలి. ఇవ్వలేని రోజున సిగ్గుపడనక్కర్లేదు. “మంచిగ పెట్టినవ్ బిడ్డా” అన్న మాటకు ఖర్చేమీ లేదు.

అన్నట్టు, మొన్న మళ్లీ అటువైపు వెళితే పాప తల్లి ముందు వెనక సందులోకి నడిచింది. తొట్టి దగ్గరి ఆమెకు ఇరవై రూపాయలు ఇవ్వబోతే ఆమె చేతులు చీరకు తుడుచుకుని, తీసుకోవడానికి జంకింది. “నేనేం చేసిన్నమ్మా మీకు?” అంది.

ఏం చేసిందో ఆమెకే తెలియకుండా ఉంచింది ఎవరో, ఈసారి హోటల్‌లో చేయి కడుక్కునేటప్పుడు మనందరం ఒక్కసారి ఆలోచిద్దాం.