చలివేంద్రంలో కుండ



మొన్న వానాకాలంలో ఒకనాటి సాయంత్రం, సాలూరులో మా వీథి చివర వుండే అమ్మాయి ఒకతె ఏడుపు మొహంతో మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతున్నది. చేతిలో వాళ్ల నాన్న ఫోను వున్నది.

"మాస్టారూ, నా సినిమా మూగదైపోయింది!" అన్నది.

కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి అడిగితే సంగతి తెలిసింది. కొండల మీద నుంచి దిగివచ్చే వాన గురించి ఆ పిల్ల ఒక గేయం రాసింది. దాన్ని తన గొంతుతో చదివి, వేగావతి ఏటి బొమ్మలూ మబ్బుల బొమ్మలూ చేర్చి, రెండు నిమిషాల సినిమా తయారు చేసింది. ఇటువంటి దాన్ని కవితాచిత్రం అనవచ్చు. ఇందులో కథ వుండదు, వేషాలు వుండవు. గొంతూ, చప్పుడూ, బొమ్మా కలిసి కవితను చెపుతాయి. అంతా బాగానే వున్నది. కాని వెనకాల వినసొంపుగా వుంటుందని ఒక సినిమా పాట తెచ్చి పెట్టింది. తీరా నలుగురికీ చూపుదామని ఇంటర్నెట్టులో పెట్టేసరికి, పాట హక్కు ఇంకొకరిదని చెప్పి చప్పుడంతా తీసేశారు. పాటతోపాటు పిల్ల గొంతు కూడా పోయింది!

"అది ఉచితంగానే దొరికింది మాస్టారూ! నేను ఎవరి డబ్బూ ఎగవేయలేదు," అన్నది.

ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. పొరపాటల్లా "ఉచితం" అన్న మాటలో వున్నది. ఎండాకాలంలో మన ఊళ్లలో చలివేంద్రాలు పెడతారు గదా! అక్కడ నీళ్లు ఎవరైనా తాగవచ్చు, కాసు ఇవ్వనక్కర లేదు. అంతమాత్రాన కుండ ఎత్తుకుపోతే వూరుకుంటారా? పాట వినటం నీళ్లు తాగటం వంటిది. దాన్ని తెచ్చి మన సినిమాలో పెట్టుకోవటం కుండ తెచ్చుకోవటం వంటిది. మొదటిదానికి ఇచ్చిన అనుమతి రెండోదానికి చాలదు.

మరి కుండలు కూడా ఇచ్చేవాళ్లు లేరా? వున్నారు. వాళ్లను గుర్తుపట్టటానికి రెండు దారులున్నాయి.

మొదటిది కాలం. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం, కవి బతికినంత కాలమూ, చనిపోయిన తరవాత 60 సంవత్సరాలూ ఆయన రచన మీద హక్కు వుంటుంది. ఆ తరవాత అది అందరిదీ. మన పక్కనే విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావుగారు 1915 లో పోయారు. కనక ఆయన గేయాలను మీరు చదివి సినిమా తీయవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో ఇటువంటి పాత పుస్తకాలు చదువుకోవటానికి దొరుకుతాయి. జాషువాగారు 1971 లో పోయారు. ఆయన పద్యాల మీద హక్కు 2031 ఆఖరు దాకా వుంటుంది.

ఇక్కడొక చిక్కున్నది, జాగ్రత్త! గురజాడవారి గేయం అందరిదీ అయినా, నిన్నగాక మొన్న ఒక గాయకుడు దాన్ని పాడితే ఆ పాడిన రికార్డు అందరిదీ కాదు. కవితకు ఒక తాళం, రికార్డుకు ఇంకొక తాళం. రెండూ తెరిచి వున్నాయో లేదో చూసుకోవాలి.

రెండో దారి, సొంతదారు తానే ఇష్టపడి ఇవ్వటం. ఇందుకోసం 2001 లో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పుట్టింది. ఈ పద్ధతిలో ఇచ్చినవాళ్లు తమ షరతులను పొట్టి అక్షరాలలో రాస్తారు. "బీవై" అంటే నా పేరు చెప్పు. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకు. "ఎస్‌ఏ" అంటే నువ్వు చేసిన దాన్ని కూడా ఇదే షరతు మీద పంచు. "ఎన్‌డీ" అంటే నాదాన్ని మార్చి పంచకు. సంగీతాన్ని బొమ్మతో జత చేయటం కూడా మార్చటం కిందకే వస్తుంది. అంచేత "ఎన్‌డీ" అని వున్న సంగీతం కవితాచిత్రానికి పనికిరాదు. "సీసీ జీరో" అని వుంటే ఏ షరతూ లేదన్నమాట.

ఇక దొరికే చోట్లు చెపుతాను. చప్పుళ్లు కావాలంటే ఫ్రీసౌండ్ చూడండి. బార్సిలోనాలోని పొంపెవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయం వారు దీన్ని 2005 లో మొదలుపెట్టారు. వాన, పిట్టలు, రైలు, తలుపు కిర్రుమనటం — అన్నీ వున్నాయి. ప్రతి చప్పుడు పక్కనా దాని షరతు రాసి వుంటుంది. బొమ్మలకూ చిన్న చిన్న వీడియోలకూ వికీమీడియా కామన్స్ మంచిది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ వారు సేకరించిన పాత విద్యా చిత్రాలు వున్నాయి. అయితే ఆ ఆర్కైవ్‌లో ఎవరైనా ఏదైనా తెచ్చి పెట్టవచ్చు గనక, షరతు చదవకుండా తీసుకోకండి. అమెరికా వారి నాసా తీసిన భూమి బొమ్మలూ, మబ్బుల వీడియోలూ సాధారణంగా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కాని నాసా చూపించేదల్లా నాసాది కాదు. 1977 లో వాయేజరు నౌకలతోపాటు ఆకాశానికి పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులు వున్నాయి. వాటిలో మన తెలుగు కూడా వున్నది! అదే రికార్డులో వున్న కేసర్‌బాయి కేర్కర్ పాట వంటి సంగీతం మాత్రం నాసా సొత్తు కాదు.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి, "మాస్టారూ, బార్సిలోనా వాన మన వానలా వుంటుందా?" అని అడిగింది.

చాలా మంచి ప్రశ్న. ఇద్దరం కలిసి వాన పట్టటానికి బయలుదేరాము. ఫోనును గాలికి ఎదురుగా పెడితే "బుస్సు" మంటుంది. చప్పుడును పట్టే భాగానికి గాలి సూటిగా తగలటమే కారణం. పలచని గుడ్డ అడ్డం పెడితే తగ్గింది. మా వంటింటి రేకుల మీద పడే వాన ఒకటి, అరటాకుల మీద పడే వాన ఒకటి, ఘాటు రోడ్డు ఎక్కే లారీ మూలుగు ఒకటి పట్టాము. తన గేయాన్ని ఆ పిల్ల దుప్పటి కప్పుకుని మళ్లీ చదివింది. నవ్వకండి! గోడలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని దుప్పటి మింగేస్తుంది. అందుచేత గొంతు స్పష్టంగా వస్తుంది.

మరునాడు సంతలో, కొండ మీద నుంచి వచ్చిన ఒక జాతాపు ముసలమ్మ అల్లం కుప్పలు పోసుకుంటూ కూనిరాగం తీస్తున్నది. అమ్మాయి గబుక్కున ఫోను తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎవరో రాసిన పాట కాదుగదా మాస్టారూ! ఇది ఎవరిదీ కాదు," అన్నది.

"ఎవరిదో మనకు తెలియకపోతే ఎవరిదీ కాకుండా పోతుందా? ముందు అడుగు," అన్నాను.

అడిగింది. ముసలమ్మ కాసేపు ఆలోచించి, "పట్టుకెళ్లు పాపా. గాని ఎక్కడో కొండ పాట అనేసి వూరుకోకు. మా వూరి పేరు సెప్పాల," అన్నది.

నా చిన్నప్పటి నుంచి కొండల పాటలు ఎన్నో విన్నాను. వాటిలో కొన్ని ఇవాళ ఇంటర్నెట్టులో వున్నాయి. చాలావాటి కింద "గిరిజన గీతం" అన్న రెండు మాటలే వుంటాయి. పాడినవారి పేరు లేదు, ఊరు లేదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. పేరు పోయిన పాటను దాని ఇంటికి ఎవరు చేరుస్తారు?

రెండో సినిమా మూగదైపోలేదు. దాని ఆఖరున నల్లని తెర మీద తెల్లని అక్షరాలతో, మబ్బులు నాసావనీ, రాగం ఫలానా ముసలమ్మదనీ, ఊరు ఫలానాదనీ వున్నది. పై సంతకు ఆ ముసలమ్మకు చూపించాము. ఆమెకు చదువు రాదు. అమ్మాయి ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఊరి పేరు చదివి వినిపించింది. "మల్లీ సదువు," అన్నది ముసలమ్మ.

పిల్లలూ, ఈ నెల మీకు పని: మీ ఇంటి చుట్టూ వున్న మూడు చప్పుళ్లు పట్టండి. ఇంటర్నెట్టు నుంచి ఒక్క బొమ్మ తెచ్చుకోండి. నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి, ప్రతిదానికీ ఎవరిది, ఎక్కడిది, ఏ షరతు, ఎప్పుడు తెచ్చాను అని రాసుకోండి. ఆ నాలుగు గళ్లూ నిండిన తరవాతనే సినిమా మొదలుపెట్టండి.