తప్పు బ్యాటరీదేనా?

రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టిన పెన్సిల్ బ్యాటరీలు. పొద్దున్నే పిల్లాడి రిమోట్ కారులో వేస్తే, హాల్లో నాలుగు చక్కర్లు కొట్టేసరికే కారు మూలిగి ఆగిపోతుంది. 'రీఛార్జబుల్ అంటే ఇంతే, డబ్బు దండగ' అని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. నాలుగు బ్యాటరీలూ చెత్తబుట్టలో పడతాయి. కొత్తవి వస్తాయి. నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ.

చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. ఛార్జరుది కావచ్చు, బొమ్మది కావచ్చు, వాడే పద్ధతిదీ కావచ్చు. అసలు దొంగ ఎవరో తేల్చడానికి మెకానిక్ అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక పెన్ను, వీలైతే ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మల్టీమీటర్ ఉంటే చాలు.

నిండిందా, లేదా?

బ్యాటరీ మీద 2000 ఎంఏహెచ్ అని ఉందంటే, 200 మిల్లీ యాంపియర్ల కరెంటు చొప్పున వాడితే సుమారు 10 గంటలు వస్తుందని అర్థం. మరి నింపడానికి ఎంతసేపు పడుతుంది? ఛార్జరు వెనక 'అవుట్‌పుట్' అని రాసిన అంకె చూడాలి. అదీ 200 అయితే 10 గంటలు చాలవు. కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది కాబట్టి 14 గంటల దాకా పడుతుంది. రాత్రి పడుకునేటప్పుడు పెట్టి పొద్దున్నే తీసేస్తే సగానికి కాస్త పైన మాత్రమే నిండుతుంది. చౌక ఛార్జర్లలో వెలిగే దీపం చాలావరకు కరెంటు వస్తోందని చెబుతుందే తప్ప, బ్యాటరీ నిండిందని చెప్పదు.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. తక్కువ సామర్థ్యం ఉన్న పాత బ్యాటరీల్ని అదే ఛార్జరులో పెట్టి రెండ్రోజులు మర్చిపోతే వేడెక్కి లోపలి ద్రవం ఎండిపోతుంది. నిండగానే తనంతట తానే ఆగిపోయే ఛార్జరు కొంచెం ఖరీదైనా, బ్యాటరీల ఆయుష్షు పెరిగి ఆ డబ్బు తిరిగొస్తుంది. ఇక, పెన్సిల్ సైజు నికెల్ బ్యాటరీ మీద 4000, 5000 అని అచ్చేస్తే నమ్మకూడదు. ఆ సైజులో అంత పట్టదు.

ఒకటి కుంటితే...

కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి దాని నడకే నడుస్తుంది. బొమ్మలో వరసగా పెట్టిన నాలుగు బ్యాటరీల సంగతీ అంతే. మూడింట్లో ఇంకా శక్తి ఉన్నా, నాలుగోది ఖాళీ అయితే బొమ్మ ఆగిపోతుంది. అప్పటికీ స్విచ్ ఆపకపోతే మిగిలిన మూడూ ఖాళీ దానిలోంచి బలవంతంగా కరెంటు తోస్తాయి. దాంతో అది శాశ్వతంగా దెబ్బతింటుంది.

పట్టుకోవడం తేలికే. బొమ్మ ఆగిపోగానే బ్యాటరీలు తీసి ఒక్కోదాన్నీ కొలవాలి. మూడు 1.2 వోల్టుల దరిదాపుల్లో ఉండి, ఒకటి మాత్రం 1 వోల్టుకన్నా తక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే. కొత్తవాటితో పాతవి, ఒక కంపెనీవాటితో ఇంకో కంపెనీవి కలపకూడదు. కొన్నరోజే నాలుగింటి మీదా ఒకే తేదీ రాసిపెడితే ఈ కలగాపులగం ఉండదు.

బొమ్మనీ అనుమానించాలి

అవే బ్యాటరీలు టార్చిలైటులో గంటలకొద్దీ వెలిగి, కారులో మాత్రం పది నిమిషాలకే చేతులెత్తేస్తున్నాయా? అయితే కారునే చూడాలి. చక్రాల ఇరుసుకు తలవెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుంటే మోటారు బరువుగా తిరుగుతుంది. అలా తిరిగే మోటారు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగేస్తుంది. బ్యాటరీలు చేయి పెట్టలేనంత వేడెక్కడం దానికి గుర్తు. బ్యాటరీ గదిలోని రేకులకు తెల్లటి పొడి పట్టినా కరెంటు సరిగా అందదు. దూదికి కాస్త నిమ్మరసం అద్ది తుడిచి, బాగా ఆరాక వాడుకోవచ్చు.

బీపీ మెషిన్ లాంటివి కొన్ని కొత్తగా నింపిన బ్యాటరీలు వేసినా 'లో బ్యాటరీ' అంటాయి. మామూలు బ్యాటరీ 1.5 వోల్టులు, నికెల్ రీఛార్జబుల్ 1.2 వోల్టులు. ఆ తేడాని యంత్రం ఖాళీ అనుకుంటుంది. అలాంటివాటికి కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే వేయాలి.

వాడకపోయినా కరుగుతాయి

నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు ఊరికే ఉన్నా శక్తి కోల్పోతాయి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. సెలవులకు ముందు నింపి అలమరలో పెట్టినవి తిరిగొచ్చేసరికి నీరసపడ్డాయంటే అది సహజమే. ఈ ఇబ్బంది తగ్గించిన రకాన్ని జపాన్‌కు చెందిన శాన్యో సంస్థ 2005లో ఎనెలూప్ పేరుతో తెచ్చింది. ఏడాది తర్వాత కూడా చాలావరకు ఛార్జి నిలుపుకునే ఇలాంటి బ్యాటరీల్ని ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'ప్రీ ఛార్జ్‌డ్' లేదా 'రెడీ టు యూజ్' అని ఉందేమో చూసుకోవాలి.

పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జింగ్ పెట్టాలన్నది పాత నికెల్ కాడ్మియం రోజుల మాట. ఇప్పటివాటికి ఆ అవసరం లేదు. నెలల తరబడి మూలన పడి ఉన్నవి మాత్రం మొదటిసారి సరిగా పనిచేయకపోవచ్చు. రెండు మూడుసార్లు నింపి వాడితే చాలావరకు కోలుకుంటాయి. అప్పటికీ సగంసేపు కూడా రాకపోతే ఇక వాటి పని అయిపోయినట్టే.

లిథియంతో ఆటలొద్దు

బొమ్మ తుపాకులు, డ్రోన్లలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి లిథియం బ్యాటరీలు. వీటి దగ్గర ప్రయోగాలు పనికిరావు. ఉబ్బినట్టు కనిపిస్తే ఆ క్షణమే వాడకం ఆపేయాలి. నొక్కకూడదు, గుచ్చకూడదు. నికెల్ ఛార్జరు వీటికి పెట్టకూడదు. పరుపు మీద పెట్టి, రాత్రి అందరూ నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్ చేయడం మంటల్ని పిలిచినట్టే. అలాగే రీఛార్జబుల్ అని రాయని మామూలు బ్యాటరీల్ని ఛార్జరులో పెడితే కారిపోవచ్చు, పేలనూ వచ్చు. పిల్లలకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి.

పనికిరాని బ్యాటరీల్ని చెత్తబుట్టలో వేయకూడదు. చివర్లకు టేపు అంటించి, ఈ-వేస్ట్ సేకరించే చోట ఇవ్వాలి. దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇలాంటి చిన్న బ్యాటరీలకూ వర్తిస్తాయి. పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులదేనని అవి చెబుతున్నాయి.