మైకు ఆపిన తరువాత

ధ్యానభాగము: అపొ. కార్యములు 8:1-4



ఈ నెల నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడుతున్నాను. బీరంగూడలో మా మందిరానికి పోయే దారిలో ఒక టీ కొట్టు ఉంది. ఏళ్ల తరబడి అక్కడ టీ తాగాను. ఆ దారిలోనే సువార్త కూటములు పెట్టి, రాత్రి పొద్దుపోయేవరకు మైకులో ప్రసంగించాను. ఒకసారి ఆ కొట్టు పది పన్నెండు రోజులు మూసి ఉంది. ఊరికి పోయి ఉంటాడనుకొని మరొక చోట టీ తాగాను. కొట్టు తిరిగి తెరిచిన రోజున అతని భార్య చనిపోయిందని తెలిసింది. గ్లాసు చేతికిస్తూ అతడు మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, మైకుల మీ మాట శానసార్లు ఇన్న. మా ఆమె దవాఖానల పడ్డప్పుడు మీరు ఒక్కసారన్న వస్తరేమో అని సూశిన."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటున్నది. నా గొంతు అతనికి బాగా తెలుసు. అతని భార్య పేరు మాత్రం నాకు తెలియదు.

సువార్త ప్రకటన అనగానే మనకు కూటములు, కరపత్రాలు, దైవసేవకులు గుర్తుకు వస్తారు. అవన్నీ కావలసినవే. అయితే పై వాక్యభాగమును గమనించండి. యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు అక్కడే ఉండిపోయారు. చెదరిపోయినది సామాన్య విశ్వాసులు. ఇల్లూ వాకిలీ విడిచిపోయిన ఆ మనుష్యులే వెళ్లిన ప్రతి చోటా సువార్త చెప్పారు. వారిలో కొందరు అంతియొకయ వరకు వెళ్లి గ్రీసు దేశస్థులకు ప్రభువును గూర్చి తెలిపారు. వారి ఊళ్లు వ్రాసిన లూకా వారి పేర్లు వ్రాయలేదు (11:20).

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇలాగే జరిగింది. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. వ్యాపారము మీద తిరుగుతూ ఏలూరు ప్రాంతంలో సువార్త విన్నాడు. 1866లో ఒంగోలులో జూయెట్ దొరగారి చేత ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు. తిరిగి తన పల్లెకు పోయి తన వారికి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడుకు వెళ్లేసరికి పేరయ్య మాట విని నమ్మినవారు ఎదురుచూస్తున్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మము పొందారు. దొరగారు వెళ్లకముందే, సువార్త ఒక తోళ్ల వ్యాపారి నోట వెళ్లింది.

దోర్నకల్ బిషప్పు అజరయ్య గారికి ఈ సంగతి బాగా తెలుసు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. బాప్తిస్మము పొందినవారి చేత, తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త చెప్పకపోతే నాకే కీడు అని ఒప్పుకొనేటట్లు చేసేవారు. అది పౌలు పడిన భారమే (1 కొరింథీ 9:16). ఆ భారము బాప్తిస్మము పొందిన ప్రతి తలమీద ఉన్నది.

ప్రియులారా, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోయే సహోదరులారా, మీరు కూడ బ్రతుకుతెరువు కొరకు ఊళ్లు విడిచి వచ్చినవారే. మీ పక్క మిషను దగ్గర నిలబడేవాడు నా కూటానికి రాడు. మీతో మాత్రం అన్నం డబ్బా విప్పుతాడు. నారాయణఖేడ్ నుండో, ఒడిశా నుండో వచ్చి ఒక్క గదిలో నలుగురితో ఉంటున్న అతనికి జ్వరమొస్తే ముందుగా తెలిసేది మీకే. పల్లెలో ఉన్న అమ్మలారా, నాట్లకు పోయినప్పుడు మీ పక్క వరుసలోని ఆమె కన్నీరు కనబడేది మీకే.

ఒక హెచ్చరిక. ఎదుటివాని దేవుని దూషించి గాని, ఆశపెట్టి గాని, బలవంతపెట్టి గాని చెప్పినది సువార్త కాదు. మనకున్న నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికముతో, గౌరవముతో చెప్పమన్నాడు పేతురు (1 పేతురు 3:15). అయితే మన బ్రతుకు చూచి ఎవరైనా అడుగుతున్నారా? చీటీ డబ్బు ఎగవేసి, ఇంట్లో భార్యను కొట్టి, ఆదివారము పాటలు పాడితే ఎవరు అడుగుతారు?

ఇప్పుడు ప్రతి వారము ఆ టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటున్నాను. మొదట ఆయన భార్య పేరు అడిగాను. ఆయన చాలాసేపు ఆమెను గూర్చి చెప్పాడు, నేను విన్నాను. ఆయన ఇంకా మందిరానికి రాలేదు. మొన్న మాత్రం, "అయ్యగారూ, మా పిల్లగాని కోసం ప్రార్థన జెయ్యుండ్రి" అన్నాడు. బల్ల మీద గ్లాసు పక్కనపెట్టి అక్కడే ప్రార్థించాను.

ఈ నెలలో మీరు ఒక్క మనిషి గడప తొక్కండి. ముందు వినండి. అడిగితే చెప్పండి. ప్రభువు మీ అడుగులను దీవించును గాక. ఆమేన్.