పనివానికి సెలవు ఇచ్చే పద్ధతి

మన విద్యార్థులు వ్రాసే ప్రోగ్రాములలో పని మొదలుపెట్టే వాక్యాలు చక్కగానే ఉంటాయి. పని ముగించే వాక్యాలు మాత్రం చాలాసార్లు అసలే ఉండవు. ఏకకాలంలో అనేక పనులు చేయించే థ్రెడ్ల విషయంలో ఈ లోపం మరీ స్ఫుటంగా కనిపిస్తుంది. పది థ్రెడ్లను ఎలా పుట్టించాలో పాఠ్యపుస్తకం చెబుతుంది. పరీక్షలో అదే అడుగుతారు. విద్యార్థి అదే వ్రాస్తాడు. పుట్టించిన ఆ పదింటికి ఏమని చెప్పి, వాటి చేతిలోని పనిని ఏమి చేసి, ఎప్పుడు పంపించాలో అడిగేవారు అరుదు. ప్రోగ్రాము వ్రాసేవాని ప్రజ్ఞ తెలిసేది ఇక్కడనే అని నా అభిప్రాయం.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఈ కంప్యూటరు ప్రసంగమెందుకని కొందరు నవ్వవచ్చు. పైథాన్ కూడా ఒక భాషే కదా! దానికీ ఒక వ్యాకరణం ఉన్నది. దానితోపాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ ఆ భాషకు నిఘంటువు వంటిది; అందరూ వాడుకోవడానికి ముందుగానే సిద్ధపరచి ఉంచిన పదసంపద. అందులో ఒక మాటకు అర్థం మారితే ఆ భాషలో వ్రాసే లక్షలాది మంది వ్రాత మారుతుంది. అటువంటి మార్పు ఒకటి 2020లో జరిగింది. దానిని కొందరు తప్పుపట్టారు. అది సరియైన మార్పే అని చెప్పడానికి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

థ్రెడ్డు అంటే దారం. ఒకే ప్రోగ్రాము లోపల పక్కపక్కనే సాగిపోయే పనుల వరుసలకు ఆ పేరు పెట్టారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 400 మంది విద్యార్థులకు మార్కుల మెమోలు తయారు చేసే ప్రోగ్రాము ఉన్నదనుకోండి. నాలుగు థ్రెడ్లు పనివాళ్ళు. ప్రధాన థ్రెడ్డు మేస్త్రీ. మేస్త్రీ హాల్‌టికెట్టు నంబర్లను ఒక క్యూలో వేస్తూ ఉంటాడు. పనివాళ్ళు ఒక్కొక్కటే తీసుకొని మెమో ఫైలు వ్రాస్తూ ఉంటారు. క్యూ ఖాళీ అయితే పనివాడు ఇంటికి పోడు. తరువాతి నంబరు వస్తుందేమోనని అక్కడే నిలబడి ఉంటాడు. అతని తప్పు లేదు. క్యూ ఖాళీ కావడం వేరు, పని పూర్తి కావడం వేరు. మేస్త్రీ రెండవ జాబితా తెరుస్తూ ఆలస్యం చేసినా క్యూ ఖాళీగానే కనిపిస్తుంది. పని అయిపోయిందన్న సంగతి క్యూను చూస్తే తెలియదు, ఎవరో చెప్పాలి. చెప్పే ఏర్పాటు లేకపోతే 400 మెమోలూ సిద్ధమైన తరువాత కూడా ఆ నలుగురూ అలాగే నిలబడి ఉంటారు, ప్రోగ్రాము ముగియదు.

దీనికి మొదట తట్టే ఉపాయం పనివానిని బలవంతంగా ఆపివేయడం. జావా భాష 1996లో వెలువడినప్పుడు అందులో 'స్టాప్' అనే సాధనం అందుకే ఉండేది. మూడేళ్ళు తిరగకముందే, 1998లో, దానిని వాడవద్దని ఆ భాష నిర్మాతలే హెచ్చరించారు. కారణం ఆలోచించదగినది. ఒక పనివాడు విద్యార్థి మొత్తం మార్కులు మార్చాడు, శ్రేణి ఇంకా మార్చలేదు. ఈ రెండు పనుల మధ్య మరెవరూ ఆ లెక్కను ముట్టుకోకుండా తాళం వేసుకొని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే వానిని ఆపివేస్తే తాళం ఊడిపోతుంది. పక్కవాడు లోపలికి వచ్చి, సగం మారిన లెక్కను పూర్తి లెక్క అనుకొని ముందుకు సాగుతాడు. అయినా పాత ప్రోగ్రాముల మీద మమకారంతో ఆ సాధనాన్ని చాలాకాలం ఉంచారు. 2023లో వచ్చిన 20వ సంచిక నుండి దానిని పిలిస్తే పని చేయదు, దోషం చూపి ఊరుకుంటుంది. పైథాన్ థ్రెడింగ్ లైబ్రరీ ఇటువంటి మాటను తన నిఘంటువులో చేర్చనే లేదు.

రెండవ ఉపాయం మన విద్యార్థులకు ఎక్కువ ప్రియమైనది. థ్రెడ్డును పుట్టించేటప్పుడే దానికి 'డీమన్' అని ముద్ర వేస్తారు. అంటే, ప్రధాన ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఈ థ్రెడ్డు కోసం ఆగనవసరం లేదని అర్థం. ప్రోగ్రాము చటుక్కున ముగుస్తుంది, ప్రయోగశాలలో పరీక్షకుడు సంతోషిస్తాడు. కాని ఇటువంటి థ్రెడ్లు హఠాత్తుగా తెగిపోతాయనీ, తెరిచిన ఫైళ్ళూ డేటాబేసు లావాదేవీలూ సరిగా ముగియకపోవచ్చుననీ పైథాన్ అధికారిక పత్రాలే చెబుతున్నాయి. మన ఉదాహరణలో 251వ మెమోలో పేరుంటుంది, హాల్‌టికెట్టు నంబరు ఉంటుంది, మార్కులుండవు. దోషసూచన కూడా రాదు. ఫలానా చోట తప్పు జరిగిందని అరిచే ప్రోగ్రామును బాగుచేయవచ్చు. ఏమీ ఎరుగనట్లు ముగిసిపోయిన ప్రోగ్రాములో తప్పును, ఏ విద్యార్థో మెమో పట్టుకొని కార్యాలయానికి వచ్చిన రోజున వెతుక్కోవాలి.

ఇప్పుడు 2020 నాటి మార్పు. పైథాన్ 3.2 సంచికలో, 2011లో, కాంకరెంట్ ఫ్యూచర్స్ అనే విభాగం చేరింది. అందులో థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్ అనేది మన మేస్త్రీ చేసే పనిని తానే చేస్తుంది: పనివాళ్ళను పెడుతుంది, పని పంచుతుంది, ఫలితం తెచ్చి ఇస్తుంది. సెలవు చెప్పే ఏర్పాటు కూడా ముచ్చటగా ఉంటుంది. ముగింపు వేళ క్యూలో 'నన్' అనే శూన్యచిహ్నాన్ని వేస్తారు. దానిని అందుకొన్న పనివాడు పని ముగిసిందని గ్రహించి, ఆ చిహ్నాన్ని తిరిగి క్యూలోనే వేసి తాను వెళ్ళిపోతాడు. రెండవవాడు తీసుకొని మళ్ళీ వేస్తాడు. ఒకే ఒక్క కబురు నలుగురి చేతులూ మారుతుంది. కాని ఆ పనివాళ్ళు పుట్టుకతో డీమన్ థ్రెడ్లు. వేచి ఉండనవసరం లేని జాతి థ్రెడ్లను పెట్టుకొని, ప్రోగ్రాము ముగిసేటప్పుడు వాటికోసం వేచి ఉండే ఏర్పాటును పైనుండి అతికించారు. 3.9 సంచికలో ఈ వైరుధ్యాన్ని తొలగించి, వాళ్ళను మామూలు థ్రెడ్లుగా మార్చారు. ముగింపు ఎలా ఉంటుందో ముందుగా తెలియాలన్నది వారు చెప్పిన కారణాలలో ఒకటి.

ఆక్షేపణ ఏమిటంటే, ఇందువల్ల ప్రోగ్రాము వదిలిపోదని. పనివాడు ఎక్కడో చిక్కుకొంటే ప్రోగ్రాము అంతా నిలిచిపోతుంది, కంట్రోల్-సి నొక్కినా కదలదు. ఇది ఉత్తమాట కాదు. విత్ వాక్యంతో ఎగ్జిక్యూటరును వాడినప్పుడు 251వ మెమో దగ్గర కంట్రోల్-సి నొక్కితే, క్యూలో మిగిలిన వాటిని కూడా పూర్తి చేసిన తరువాతనే అది వదులుతుంది. నొక్కినవానికి విసుగు పుట్టడం సహజం. అయితే అదే 3.9 సంచికలో షట్‌డౌన్ అనే ఆజ్ఞకు 'క్యాన్సిల్ ఫ్యూచర్స్' అనే ఐచ్ఛికాన్ని కూడా చేర్చారన్న సంగతిని ఆక్షేపించేవారు మరచిపోతారు. దానిని ఇస్తే ఇంకా మొదలుపెట్టని పనులన్నీ రద్దవుతాయి. చేతిలో ఉన్న నాలుగు మెమోలు మాత్రం పూర్తవుతాయి. కంట్రోల్-సి వచ్చినప్పుడు దానిని పట్టుకొని ఈ ఆజ్ఞ ఇవ్వడానికి నాలుగైదు పంక్తులు చాలు. మొదలుకాని పనిని రద్దు చేయవచ్చు, మొదలైన పనిని చేసేవాడే ముగించాలి అన్న భేదాన్ని ఇంత స్పష్టంగా పాటించడం నాకు చాలా నచ్చింది.

ఇక చేతిలో ఉన్న పనే గంటల తరబడి సాగేదైతే? అక్కడ లైబ్రరీ ఏమీ చేయలేదు, చేయరాదు కూడా. ప్రోగ్రాము వ్రాసేవాడే మధ్యమధ్య 'ఆగమన్నారా?' అని చూసుకొనే చోట్లు పెట్టాలి. అందుకు ఈవెంట్ అనే సాధనం ఉన్నది. గంటకొకసారి పనిచేసే థ్రెడ్డును స్లీప్ అనే ఆజ్ఞతో నిద్రపుచ్చితే గంట అయ్యేవరకు అది లేవదు. అదే గంటసేపు ఈవెంట్ కోసం వేచి ఉండమంటే, మేస్త్రీ సంకేతమిచ్చిన మరుక్షణం లేచి చేతిలోనిది సర్దుకొని వస్తుంది. నెట్‌వర్కు నుండి జవాబు కోసం ఎదురుచూసే థ్రెడ్డుకు కాలపరిమితి పెట్టకపోవడం మరొక అలవాటు. జవాబు రాకపోతే ఆ థ్రెడ్డు అక్కడే ఉండిపోతుంది, దానికోసం ప్రోగ్రామూ ఉండిపోతుంది, నింద లైబ్రరీ మీద పడుతుంది.

ఇంకొక వాదం ఉన్నది, దానికి బలం ఎక్కువ. కరెంటు ఏ క్షణాన పోతుందో తెలియదు. అప్పుడు ఏ థ్రెడ్డూ సెలవు తీసుకొని పోదు. హఠాన్మరణాన్ని తట్టుకొనేలా ప్రోగ్రామును ఎలాగూ వ్రాయవలసి ఉన్నప్పుడు ఈ మర్యాదలెందుకు? మొదటి సగం నిజమే. మెమోను తాత్కాలికమైన పేరుతో వ్రాసి, పూర్తయిన తరువాతనే అసలు పేరు పెట్టే అలవాటు ప్రతి విద్యార్థికీ ఉండాలి. కాని ఎప్పుడో పోయే కరెంటుకు చేసుకొన్న జాగ్రత్తను సాకుగా పెట్టుకొని, ప్రతి సాయంత్రం మన చేతులతో మనమే కరెంటు తీసివేయడమేమి న్యాయం?

మన భాషలో సెలవు అనే మాటకు అనుమతి అనే అర్థమూ ఉన్నది, వీడ్కోలు అనే అర్థమూ ఉన్నది. మన కళాశాలలో సగం మంది ఇండ్లలో వినిపించే ఉర్దూలో ఇజాజత్ కూడా అంతే. లేచి వెళ్ళేవాడు అనుమతి అడుగుతున్నాడు. కంప్యూటరు వారి భాషలో దీనికి సమానమైన మాట 'జాయిన్'. పోయే థ్రెడ్డు వచ్చి ప్రధాన థ్రెడ్డుతో కలిసిన తరువాతనే ముగింపు అని భావం. సి++ వారు ఈ విషయంలో మరీ కఠినులు. 2011 నాటి వారి ప్రమాణం ప్రకారం, థ్రెడ్డును కలుపుకోకుండా, విడిచిపెట్టానని కూడా చెప్పకుండా దాని వస్తువును నశించనిస్తే ప్రోగ్రాము మొత్తం కూలిపోతుంది. 2020 ప్రమాణంలో జె-థ్రెడ్ వచ్చి, ఆగమని అడిగి తానే కలుపుకొనే సౌమ్యమైన పద్ధతి తెచ్చింది.

పైథాన్‌లో క్యూకు మాత్రం ఈ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. సొంతంగా క్యూ పెట్టుకొని థ్రెడ్లు నడిపేవారు ఇన్నేళ్ళూ శూన్యచిహ్నాలను చేతితో లెక్కపెట్టి వేసుకొనేవారు; నలుగురు పనివాళ్ళకు మూడే వేస్తే నాలుగవవాడు మిగిలిపోయేవాడు. పనివాళ్ళందరూ ఏదో దోషంతో మధ్యలోనే పోతే, నిండిన క్యూ ముందు మేస్త్రీయే ఆగిపోయేవాడు. 2024లో వచ్చిన 3.13 సంచికలో క్యూకే షట్‌డౌన్ అనే ఆజ్ఞ చేరింది. దానిని ఇచ్చిన తరువాత కొత్త పని వేయబోతే దోషం వస్తుంది. ఉన్న పనులు పూర్తయ్యాక పనివాళ్ళకూ అదే సంకేతం అందుతుంది. వేయలేక ఆగి ఉన్నవారు కూడా మేల్కొంటారు. తక్షణమే మూయమంటే క్యూలోని పనులను కూడా తీసివేస్తుంది. ఇంత అవసరమైన మాట ఇంత ఆలస్యంగా చేరడం చూస్తే, ముగింపును చివరకు వాయిదా వేసే అలవాటు మన విద్యార్థులకు మాత్రమే పరిమితం కాదేమో అనిపిస్తుంది!

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ప్రాజెక్టుల మౌఖిక పరీక్షలో ప్రోగ్రాము నడిపి చూపించడానికి మార్కులు ఇస్తున్నారు. అందులో కొన్ని మార్కులను ఆపి చూపించడానికి కేటాయించండి. ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కరలేదు. పని సగంలో ఉండగా పరీక్షకుడే కంట్రోల్-సి నొక్కాలి. ఎంతసేపటిలో ఆగిందో గడియారం చూడాలి. తరువాత ఆ ఫోల్డరు తెరిచి, ఎన్ని మెమోలు పూర్తిగా ఉన్నాయి, ఎన్ని అసలు మొదలుకాలేదు, సగంలో ఆగినవి ఎన్ని అని విద్యార్థి చేతనే లెక్కపెట్టించాలి.