ముసుగు తీయమనడానికి పోలీసెవడు?

ముస్లిం ఆడవాళ్లు మొహం కప్పుకోగూడదని చట్టం చెయ్యాలా? ఫ్రాన్సు చేసింది. 2010లో చట్టం, 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు. వీధిలో, బస్సులో, ఆఫీసులో మొహం మూసుకుంటే 150 యూరోల దాకా జరిమానా. బెల్జియం, డెన్మార్కు అదే దారి పట్టాయి. స్విట్జర్లాండులో 2021లో ప్రజల ఓటు పెట్టి నిషేధించారు, 2025 జనవరి 1 నుంచి అమలు చేశారు. మన దగ్గరా ఆ మాట ఎత్తేవాళ్లు ఉన్నారు. అంతా ఆడవాళ్ల విముక్తి కోసమేనట!

పర్దా మంచిదని మేం అనం. అంబేడ్కరే దాన్ని గట్టిగా విమర్శించాడు. ఆడమనిషి మొహం లోకానికి కనపడగూడదనడం, ఏ మతం పేరుతో అన్నా, మగపెత్తనమే. మేం అడిగేది ఒక్కటే. ఈ చట్టం ఎవర్ని పట్టుకుంటుంది?

బలవంతంగా ముసుగు వేయించినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా అని ఫ్రాన్సు చట్టంలో రాశారు. కాగితం మీద బాగానే ఉంది. వీధిలో పోలీసు ఆపేది మాత్రం ఆడమనిషినే. ఇంట్లో మొగుడి బెదిరింపు, బయట పోలీసు బెదిరింపు. ఇక ఆమె గడప దాటడమే మానుకుంటుంది. ఇరాన్‌లో 1936లో రెజా షా ముసుగు నిషేధిస్తే జరిగిందదే. పోలీసులు చాదర్లు లాగేశారు, ఎందరో ఆడవాళ్లు ఇళ్లల్లో ఉండిపోయారు. 1979 తర్వాత వచ్చిన మతప్రభుత్వం కప్పుకోకపోతే శిక్ష అన్నది. తలగుడ్డ సరిగా లేదని 2022 సెప్టెంబరులో పట్టుకుపోయిన మహ్సా అమీనీ మూడు రోజులకే చనిపోయింది. లాగినవాడిదీ కప్పినవాడిదీ ఒకటే లాఠీ.

ఈ సంగతి మనకు ఇంకొకరు చెప్పాలా? తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకోవడానికి ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నారు. 1859లో రాజు ఒప్పుకున్నాడు, అదీ అగ్రకులపు ఆడవాళ్ల తీరున కట్టగూడదన్న షరతు మీద! 1927లో మహద్‌లో అంబేడ్కరు మన ఆడవాళ్లను చీరకట్టు మార్చుకోమన్నాడు. కూర్చోబెట్టి చెప్పాడు గాని పోలీసుల్ని పంపలేదు.

మరి దొంగ ఓట్లో అంటారా? పోలింగు బూతులో పర్దా ఆడవాళ్లను ఆడ ఉద్యోగి చాటున చూసి గుర్తుపట్టే పద్ధతి మనకు ఎప్పట్నుంచో ఉంది. పరీక్ష హాల్లోనూ అంతే చెయ్యొచ్చు. దానికి నిషేధం ఎందుకు?

2022లో కర్ణాటకలో గొడవ మొహం ముసుగుది కాదు, తలగుడ్డది. దానికే ఆడపిల్లలు కాలేజీ గేటు బయట నిలబడ్డారు. చదువు పోయిన పిల్లకు ఏ విముక్తి వచ్చింది? పంతుళ్లం గనుక అడుగుతున్నాం.

కార్యకర్తలకు మా మాట ఇది. నిషేధం అనేవాళ్ల వెంట పోవద్దు. ముసుగు వెయ్యమని బెదిరించేవాళ్లనూ వెనకేసుకు రావద్దు. ఇంట్లో హింస పెడితే 2005 గృహహింస చట్టం ఏ మతపు ఆడమనిషికైనా ఉంది. ఆ సంగతి ముస్లిం వాడల్లో ఆడవాళ్లకు చెప్పండి. అడిగితే తోడు వెళ్లండి. వాళ్ల పిల్లలు బడికి వచ్చేలా చూడండి. ముసుగు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఆమె చూసుకుంటుంది.