మనిషి చౌకగా దొరికే చోటికి రోబో రాదు

సముద్రంలో చమురు, గ్యాసు తీసే చోటికి రోబోలు వస్తే మన పిల్లల పని పోతుందని యానాం నుంచి ముంబయి దాకా మన సంఘాల్లో కొందరు భయపడుతున్నారు. మేము రోబోలకు వ్యతిరేకులం కాము. అవి ఏ పనికి వస్తున్నాయి, ఏ పనికి రావడం లేదు అన్నదే మా తగాదా.

యానాంకు దగ్గర్లో గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరే కేజీ బేసిన్ గ్యాసునే చూడండి. అందులో ఆర్ క్లస్టర్ బావులు 2000 మీటర్లకు పైగా లోతు నీటిలో ఉన్నాయి. అంత లోతుకు ఏ డైవరూ దిగలేడు. నౌక మీద నుంచి కేబులుతో నడిపే ఆర్‌ఓవీ యంత్రమే అక్కడ వాల్వు తిప్పాలి. అది ఎవరి కూడూ లాక్కోలేదు. లోతు తక్కువైన చోట డైవర్లు వారాల తరబడి పీడనం నింపిన గదిలోనే ఉంటూ పని చేస్తారు. 1983 నవంబరులో ఉత్తర సముద్రంలో బైఫర్డ్ డాల్ఫిన్ రిగ్గు మీద అలాంటి గదిలో పీడనం ఒక్కసారిగా పడిపోయి 5 మంది చనిపోయారు. ఈ పనికి యంత్రం వస్తానంటే రమ్మనే అంటాం.

కానీ 2021 మే నెలలో ముంబయి హైలో జరిగిందేమిటి? చమురు ప్లాట్‌ఫారాల పనికి తెచ్చిన కార్మికులు, సిబ్బంది కలిపి 261 మంది పి-305 బార్జి మీద ఉన్నారు. దానికి సొంత ఇంజను లేదు. తౌక్టే తుఫాను వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. అయినా అది సముద్రంలోనే ఉండిపోయింది, లంగర్లు తెగాయి, మే 17న మునిగింది. ఆ బార్జి మీది వారిలో 70 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్లను కాపాడడానికి రోబో అక్కర్లేదు. వేళకు రేవుకు లాగే టగ్గు చాలు.

పైపులైను తనిఖీకి కోట్లు పెట్టి యంత్రం కొంటారు. పైపు పగిలితే నష్టం కంపెనీది కదా! విషవాయువు నిండే ట్యాంకులో మడ్డి గీకడానికి మాత్రం కాంట్రాక్టు కూలీ దిగుతాడు. ట్యాంకులు కడిగే రోబోలు లేక కాదు, కూలీ అంతకంటే చౌక కాబట్టి.

యువతీ యువకులారా, సముద్రం మీద ఉన్నవారి కోసం మనం ప్రార్థిస్తున్నాం. లేబర్ కాంట్రాక్టరును అడగవలసినవీ ఉన్నాయి. ట్యాంకులోకి యంత్రాన్ని ఎప్పుడు దించుతారు? దాన్ని నడిపే శిక్షణ ఇవాళ ట్యాంకు కడుగుతున్నవాడికే ఇస్తారా? తుఫాను హెచ్చరిక వస్తే బార్జిని వెనక్కి రప్పించే అధికారం కాగితం మీద ఎవరి పేరున ఉంది?